తేలు కుట్టింది, పనికి రాలేదు

బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారంటే మార్కులు పిల్లలకి, జాగారం పెద్దవాళ్ళకి. ఆరో తరగతి పిల్లలున్న వాళ్ళకి ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 నవంబరులో ఒక బుధవారం రాత్రి పదింటికి, నేను లాప్‌టాప్ మూసేసి హమ్మయ్య అనుకునే వేళకి, మా పెద్దది పుస్తకాల సంచీలోంచి నలిగిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఏదైనా ఒక ప్రాచీన నాగరికత గురించి చార్టు, నమూనా, ఐదు నిమిషాల ప్రసంగం. కాగితం ఇచ్చింది రెండు వారాల కిందట. అప్పజెప్పాల్సింది ఆదివారం.

"సింధు నాగరికత చేద్దాం తల్లీ. మనది. నాలుగు ఇటుకలు, రెండు కాలువలు, ఒక ఎద్దు బొమ్మ. పనైపోతుంది" అన్నాను.

"ఈజిప్టు" అంది.

"అది అందరూ చేస్తారు. క్లాసునిండా థర్మోకోల్ పిరమిడ్లే ఉంటాయి చూడు."

"ఈజిప్టే" అంది మళ్ళీ. ఎందుకో నాకు తెలుసు. తెలుసు కాబట్టే సింధు నాగరికత అన్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇంతలో రెండో తరగతి చదివే మా చిన్నాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి "ఈజిప్టోళ్ళా? వాళ్ళు చెడ్డోళ్ళు కదా!" అన్నాడు. మేముండేది మదీనాలో. వాడు సాయంత్రాలు మదరసాకి వెళ్తాడు. వాడికి తెలిసిన ఈజిప్టు మనిషి ఒక్కడే, ఫిరౌను. మూసా ప్రవక్తని తరిమాడు, సముద్రంలో మునిగాడు. వాడి లెక్కలో ఆ దేశం కథ అక్కడితో సరి.

"ఫిరౌను మునిగాడు సరే. ఆ దేశంలో వాళ్ళంతా మునిగారా?" అని అక్క లాయరు ప్రశ్న వేసింది.

"అంతా!"

"మరి పైఇంటి ఖాలా ఎవరు?"

వాడు ఆలోచనలో పడ్డాడు. మా పై అంతస్తులో ఉండేది ఈజిప్టు కుటుంబం. ఆవిడ చేసే మహ్‌షీ అంటే మావాడికి ప్రాణం. అంత మంచి వంట చేసే మనిషిని సముద్రంలో ముంచడానికి వాడికి మనసొప్పలేదు :)

నాకు నవ్వొచ్చింది గానీ లోపల కొంచెం గుబులేసింది కూడా. వాడి వయసుకి నాకూ అంతే తెలుసు. నేను పుట్టింది పల్నాడులో, మాచర్లలో. మేం నూర్‌బాషాలం, ఊళ్ళో వాళ్ళ మాటల్లో దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి దూది ఏకినవాడు. మా నాన్న మిషను పెట్టుకుని పరుపుల కొట్టు నడిపినవాడు. ఫిరౌను కథ నాకు మా నాయనమ్మ చెప్పింది. ఆవిడ కథలో ఫిరౌనుకి మా పక్క ఊరి పెత్తందారు మీసాలుండేవి. ఈజిప్టంటే ఒక దేశమనీ, అక్కడ పిల్లలు అన్నాలు తిని బళ్ళకి పోతారనీ నాకు తట్టేసరికి హైస్కూలు అయిపోయింది. మావాడికి అంత ఆలస్యం కాకూడదనిపించింది.

మర్నాడు సాయంత్రం పిల్లలిద్దర్నీ తీసుకుని జరీర్ పుస్తకాల షాపుకి వెళ్ళి చార్టులూ, జిగురూ, బంగారు రంగు స్కెచ్ పెన్నులూ కొన్నాను. ఇంటికొచ్చేసరికి ఖాలా మా ఆవిడతో కబుర్లాడుతోంది. చేతిలో సీసాడు కర్కదే. తెలియనివాళ్ళకి: ఈజిప్టు వాళ్ళు పండక్కీ పబ్బానికీ తాగే ఎర్రటి పానీయం కర్కదే. అది వేరే ఏమీ కాదు, మన ఎర్ర గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు రాలాక మిగిలే ఎర్రటి తొడుగుల్ని ఎండబెట్టి మరగబెట్టుకుంటారు. మా ఆవిడ ఆకు సంగతి చెప్పినప్పుడు ఆవిడ నమ్మలేదు. పచ్చడి రుచి చూశాక నమ్మింది, ఇప్పుడు నెలకోసారి అడిగి మరీ పట్టుకెళ్తుంది.

చార్టులు చూసి సంగతేమిటని అడిగింది. మావాడు సిగ్గూ ఎగ్గూ లేకుండా "ఖాలా, నువ్వు ఫిరౌను వాళ్ళ మనిషివా?" అని అరబ్బీలో అడిగేశాడు. మేమిద్దరం చచ్చిపోయాం. ఆవిడ మాత్రం పగలబడి నవ్వి, వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని ఇలా చెప్పింది: నువ్వు ఉమ్రాకి వెళ్ళినప్పుడు సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు నడిచావు కదా, ఎవరి కోసం నడిచావు? బిడ్డకి నీళ్ళ కోసం పరిగెత్తిన హాజిరా అమ్మ కోసం. ఆవిడ ఎవరనుకున్నావు? ఈజిప్టు మనిషి. ఫిరౌను పెళ్ళాం ఆసియా మూసాని పెంచింది, ఆవిడ మంచిదే కదా. ఈ ఊళ్ళోనే, మన బఖీలోనే, మరియా అని ఒకావిడ సమాధి ఉంది. ప్రవక్తగారి కొడుకు ఇబ్రాహీంని కన్నతల్లి. ఆవిడా మా దేశపు పిల్లే.

మావాడు నోరు తెరిచి విన్నాడు. నేనూ విన్నాను. ఇవన్నీ నాకు విడివిడిగా తెలిసిన సంగతులే. ఒక్కచోట పెట్టి చూసుకోవాలని ఎప్పుడూ తోచలేదు. పాఠం చెప్పడమంటే అదీ. నేను ఏ వికీపీడియాలోంచో పిరమిడ్ ఎత్తు వెతుక్కునే రకం.

ఎత్తు కూడా వెతికాననుకోండి. ఖూఫూ పిరమిడ్ కట్టినప్పుడు సుమారు 146 మీటర్లు. రాళ్ళు సుమారు 23 లక్షలు. కట్టింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. మాచర్ల వాడిని కనక నాకు ఎత్తైనది ఏది చెప్పినా నాగార్జున సాగర్‌తో పోల్చుకోవాలి. మన డ్యాము 124 మీటర్లు. "అంటే డ్యాము కంటే ఎత్తా!" అని పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. వేసవిలో సాగర్ చూశారు కాబట్టి ఆ లెక్క బుర్రకెక్కింది. దానికంటే వాళ్ళకి వింతగా తోచిందేమిటంటే, క్లియోపాత్రా చచ్చిపోయింది క్రీ.పూ. 30లో. అంటే ఆవిడ పిరమిడ్ల కాలం కంటే మన కాలానికే దగ్గర. పెద్దది కాగితం మీద రెండుసార్లు తీసివేతలు చేసి మరీ ఒప్పుకుంది.

సాగర్ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. నాకు 'పాతకాలపు మనుషులు' అనే పాఠం చెప్పింది మా నాన్న. ఏడో తరగతి సెలవుల్లో లాంచీ ఎక్కించి నాగార్జున కొండకి తీసుకెళ్ళాడు. నీళ్ళ కింద ఒక పట్నం ఉందనీ, ఇక్ష్వాకులని రాజులుండేవాళ్ళనీ, డ్యాము కడితే అంతా మునిగిపోతుందని ముందే తవ్వి, దొరికినవన్నీ కొండమీదికీ అనుపుకీ చేరవేశారనీ ఆయనకి తెలిసినంతలో చెప్పాడు. ఆ తవ్వకాలు జరిగింది 1954 నుంచి 1960 దాకా. సరిగ్గా ఆ కాలంలోనే నైలునది మీద అస్వాన్ డ్యాము మొదలైంది. అక్కడ అబూ సింబెల్ గుళ్ళని 1964 నుంచి 1968 మధ్య ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకి ఎత్తి మళ్ళీ అతికించారు. రెండు నదులు, ఒకటే అవస్థ.

కానీ మా నాన్న మ్యూజియంలో చూసింది రాజుల్ని కాదు. ఒక పాలరాతి ఫలకం ముందు ఆగి, "ఒరే, ఇటు చూడు, బాలీసులు!" అన్నాడు. రాణిగారు మంచంమీద పడుకుని ఉంది, కింద పరుపు, చేతికింద బాలీసు. నాన్న వంగి, మూతికట్టు ఎలా వేశారో పరిశీలించాడు. "పదిహేడు వందల ఏళ్ళ కిందట కూడా మనోళ్ళకి పనుంది రా" అన్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు నాకు ఇప్పటికీ గుర్తు.

అందుకే పెద్దది "నాన్నా, ఈజిప్టు వాళ్ళకి దిళ్ళు లేవంట, చెక్కతోనో రాయితోనో చేసిన పీట మీద తల పెట్టుకునేవాళ్ళంట" అని చదివినప్పుడు ఇద్దరం ఒకేసారి ఒకే మాట అన్నాం: "తాత ఒప్పుకునేవాడు కాదు!" బూరుగు దూది దిండు లేనిదే రాత్రి గడవని మనిషి. ఈజిప్టు కాటన్ అంటే మాత్రం ఆయనకి మహా గౌరవం, పింజ పొడుగని. ఆ పత్తికి పేరొచ్చింది 19వ శతాబ్దంలోననీ, పాతకాలం వాళ్ళు నేసిందీ, శవాలకి చుట్టిందీ అవిసె నార బట్ట అనీ నాకు ఈ ప్రాజెక్టు పుణ్యమా అని తెలిసింది. చెప్పడానికి ఆయన లేడు.

శుక్రవారం మధ్యాహ్నానికి పిరమిడ్ నిలబడింది. మమ్మీ ఎలా చేస్తారన్నది పెద్దది చార్టు మీద రాస్తోంది. మొత్తం 70 రోజులు, అందులో 40 రోజులు నేట్రాన్ అనే ఉప్పులో ఎండబెట్టడం, మెదడుని ముక్కులోంచి కొక్కెంతో లాగడం, గుండెని మాత్రం ఉన్నచోటే ఉంచడం. చిన్నాడికి ముక్కు సంగతి బ్రహ్మాండంగా నచ్చింది. పది మందికి ఫోన్ చేసి చెప్పేట్టున్నాడు. నేను ప్రసంగానికి ఏదైనా కొత్త విషయం దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను. పెద్దది నా చేతిలోంచి లాప్‌టాప్ లాక్కుని 'ఈజిప్టు మదీనా' అని కొట్టింది. మన ఊరికీ వాళ్ళకీ ఏమైనా సంబంధం ఉందేమో చూద్దామని. వచ్చిన మొదటి పేరు 'దైర్ అల్ మదీనా'.

మన మదీనాకీ దానికీ చుట్టరికమేమీ లేదు. మదీనా అంటే పట్నం. అక్కడెప్పుడో క్రైస్తవ మఠం ఒకటి ఉండేది కాబట్టి 'పట్నపు మఠం' అని అరబ్బులు పెట్టిన పేరది. నైలుకి పడమటి ఒడ్డున, ఇప్పటి లక్సర్ ఎదురుగా ఉంటుంది. రాజుల లోయలో ఫరోల సమాధులు తొలిచిన పనివాళ్ళు పెళ్ళాం బిడ్డలతో కాపురమున్న ఊరు. దాదాపు నాలుగైదు వందల ఏళ్ళు. రాజుల గురించి కాకుండా రాళ్ళు కొట్టేవాళ్ళ గురించి, రంగులు వేసేవాళ్ళ గురించి మనకి బోలెడు తెలిసింది ఈ ఒక్క ఊరివల్లే. ఎందుకంటే వాళ్ళు రాసుకునేవాళ్ళు. పపైరస్ ఖరీదు కాబట్టి సున్నపురాతి పెచ్చుల మీదా, కుండపెంకుల మీదా. చీటీలు, అప్పులు, తగాదాలు, చాకలి పద్దులు.

ఆ పెంకుల్లో ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏమిటో తెలుసా? టైమ్‌షీట్! రెండో రామ్సెస్ ఏలుబడిలో 40వ ఏడు, అంటే ఇప్పటికి సుమారు 3250 ఏళ్ళ కిందటి హాజరు పట్టీ. నలభై మంది పనివాళ్ళ పేర్లు, 280 రోజులు. ఎవరు ఏ రోజు రాలేదో నల్ల సిరాతో తారీఖు, దాని నెత్తిన ఎర్ర సిరాతో కారణం. పన్నెండేళ్ళుగా ప్రతి గురువారం టైమ్‌షీట్లు నింపుతున్న నాకు ఏ పిరమిడ్ చూసినా కలగని దగ్గరితనం ఆ రాయి చూస్తే కలిగింది.

కారణాలు వినండి. ఒకడికి ఒంట్లో బాలేదు. ఒకడికి కళ్ళు నొప్పి. ఒకణ్ణి తేలు కుట్టింది. ఒకడు బీరు కాచుకుంటున్నాడు (అది పండక్కి, అంటే తప్పు కాదన్నమాట). ఇంకొకడు పైవాడి సొంత పని చేస్తున్నాడు. ఈ చివరిది చదివినప్పుడు నేను నవ్విన నవ్వుకి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. మూడు వేల ఏళ్ళలో మేనేజర్లు ఏమీ మారలేదు!

పిల్లలకి కూడా పిరమిడ్ సంగతి పక్కకి పోయింది. తేలు కుట్టినవాడు బతికాడా లేదా అని చిన్నాడు ఒకటే గొడవ. ఆ తర్వాత పనికొచ్చి ఉంటాడులేరా అని సర్దిచెప్పాను. పనిలో పనిగా ఆ ఊరివాళ్ళ సమ్మె కూడా చెప్పాను. మూడో రామ్సెస్ 29వ ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, జీతం రాలేదని పని మానేసి గుడి వెనకాల బైఠాయించారు. జీతమంటే గింజలు. మామూలు పనివాడికి నెలకి ఐదున్నర బస్తాలు: రొట్టెకి నాలుగు బస్తాల గోధుమ, బీరుకి బస్తాన్నర బార్లీ. నెలలో 18 రోజులు గడిచినా గింజ రాకపోతే ఆకలేసి కూచున్నారు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె అదేనంటారు. దాని కాగితం ఇటలీలో, టూరిన్ మ్యూజియంలో ఉంది. గల్ఫులో ఉన్నవాళ్ళకి జీతం ఆగడమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆరు నెలలు జీతం రాక గదిలో అన్నం వండుకోవడం మానేసిన వాళ్ళని నేను కళ్ళారా చూశాను, మన కోనసీమ కుర్రాళ్ళనీ, కరీంనగర్ వాళ్ళనీ. వాళ్ళు గుడి వెనకాల కూచోవడానికి కూడా లేదు.

ఈ మూడో రామ్సెస్ పేరు చెక్కిన రాయి మనకి దగ్గర్లోనే ఉంది. మదీనాకి ఉత్తరాన సుమారు 400 కి.మీ. దూరంలో తైమా దగ్గర కొండరాతి మీద ఆయన ముద్రలు దొరికాయని 2010లో సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. సౌదీలో దొరికిన మొట్టమొదటి ఫరో శాసనం అది. ఎవరో వర్తకులో రాయబారులో ఎడారి దాటి ఇక్కడిదాకా వచ్చారన్నమాట. పనివాళ్ళకి జీతాలివ్వడానికి లేదు గానీ ఇంత దూరం వచ్చి పేరు చెక్కించుకోవడానికి ఉంది అని మా ఆవిడ వ్యాఖ్య. ఆ రాజుగారికి చివరికి గొంతు కోశారు. మమ్మీని స్కాన్ చేసి 2012లో ఆ సంగతి తేల్చారు. ఈ ముక్క చిన్నాడికి చెప్పలేదు.

ఇక తప్పించుకుంటూ వచ్చిన సంగతి.

ఆ హాజరు పట్టీలో ఇంకో రకం కారణాలున్నాయి. ఒకడు తల్లి శవానికి బట్ట చుడుతున్నాడు. ఒకడు అన్నదమ్ముణ్ణి సాగనంపుతున్నాడు. అవి నేను చదివి ఊరుకుని కిందికి జరపబోయాను. పెద్దది నా భుజం మీంచి చూస్తోంది. "ఆగు నాన్నా" అంది.

మా నాన్న 2023 ఫిబ్రవరిలో పోయాడు. గురువారం తెల్లవారుజామున. తమ్ముడు ఫోన్ చేసేసరికి ఇక్కడ నాలుగున్నర. మాలో ఆలస్యం చెయ్యరు. అసర్ నమాజు తర్వాత తీసుకెళ్తామన్నాడు. అక్కడి సాయంత్రం నాలుగూ ముప్పావు అంటే ఇక్కడ రెండుంబావు. నేను విమానాలు చూశాను. ఏ లెక్కన చూసినా అందదు. హైదరాబాదులో దిగాక మాచర్లకి ఇంకో మూడున్నర గంటలు. ఆ శుక్రశనివారాల్లో మా క్లయింటు దగ్గర గో లైవ్. ఎనిమిది నెలల పని. మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "నువ్వు వెళ్ళాలంటే వెళ్ళు, కానీ ఎలాగూ చూపు అందదు కదా, ఆదివారం దాకా ఆగితే..." అన్నాడు. సౌదీ చట్టంలో తండ్రి పోతే పూర్తి జీతంతో ఐదు రోజుల సెలవు ఉంది. ఆ సెలవు ఎవరూ కాదనలేదు. ఎవరూ ఆపలేదని ఇప్పుడు రాసుకోవడమే నాకు కష్టంగా ఉంది. ఎలాగూ అందదు కదా అని నేనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం జొహర్‌కి హరంకి వెళ్ళాను. ఇక్కడ దాదాపు ప్రతి ఫర్జ్ నమాజు తర్వాతా ఎవరిదో ఒకరిది జనాజా ఉంటుంది. ఆ రోజూ ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నిలబడి చేతులు కట్టాను. ఈ ఊళ్ళో కొన్నేళ్ళుగా అలా కొన్ని వందలమందికి నిలబడ్డాను. రెండుంబావుకి మా భోజనాల బల్ల దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని డేటా మైగ్రేషన్ కాల్‌లో ఉన్నాను. పక్కన ఫోన్‌లో తమ్ముడు వీడియో పెట్టాడు. మూడు తెల్లటి కఫన్ గుడ్డలు. నూలువి. దూది మాత్రం మా కొట్లోదే అయ్యుంటుంది. మ్యూట్ చేసి చూశాను. "ఆర్ యూ దేర్?" అని అవతల ఎవరో అడిగారు. ఉన్నానన్నాను.

సోమవారం బయల్దేరాను. ఆరో రోజుకి చేరాను. మూడో రోజు జియారత్ కూడా అయిపోయింది. మట్టి ఎండిపోయి ఉంది.

వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడు హైదరాబాదులో ఒక పూట ఖాళీ దొరికితే పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ మమ్మీ ఉంది, దక్షిణాది మొత్తానికి అదొక్కటే. ఆరో నిజాం అల్లుడు కొనుక్కొస్తే ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. నైషూ అనే రాకుమారి అంటారు, ఆరో ఫరో కూతురంటారు. ఫరోలకి నిజాముల్లాగా నంబర్లు ఎక్కడివి, నిజాం తాలూకు ఆరు ఇటొచ్చి అతుక్కుందేమోనని నా అనుమానం. పాడైపోతుంటే 2016లో శ్రద్ధ తీసుకుని, గాలిలోని ఆక్సిజన్ తగలకుండా ప్రత్యేకమైన గాజుపెట్టెలో పెట్టారు. చిన్నాడు పెట్టె చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. పెద్దది కదల్లేదు. చాలాసేపటికి "తాతని కూడా ఇలా ఉంచితే మనం వచ్చి చూసేవాళ్ళం కదా" అంది.

మనలో అలా చెయ్యరమ్మా అన్నాను. బఖీలో చూడు, ఎంత గొప్పవాళ్ళకైనా ఒక చిన్న రాయే, పేరు కూడా రాయరు అన్నాను. అవన్నీ నిజాలే. అదేమీ వాదించలేదు. "డెబ్భై రోజులు పెడతారంట కదా. డెబ్భై రోజులైతే నీకు టైం సరిపోయేది" అంది. ఎత్తిపొడుపేం కాదు. పదకొండేళ్ళ పిల్ల, లెక్క చెప్పిందంతే. అందుకే నవంబరులో ఈజిప్టు అన్నప్పుడు నేను సింధు నాగరికత అన్నాను.

సరే, శనివారం. హాజరు పట్టీ నమూనా చేస్తానంది. బాల్కనీలో పగిలిన పూలకుండీ పెంకు కడిగి ఆరబెట్టింది. ఖాలా వచ్చి చిత్రలిపిలో నాలుగు బొమ్మలు ఎలా వెయ్యాలో చూపించింది. పక్షి ఎటు చూస్తుంటే అటునుంచి చదవాలట. ఆవిడా గూగుల్‌లో చూసే చెప్పింది, ఈజిప్టులో పుట్టినంత మాత్రాన పుట్టుకతో వస్తుందా అని నవ్వింది. నల్ల పెన్నుతో స్నేహితుల పేర్లు, ఎర్ర పెన్నుతో కారణాలు. ఒకడు పబ్‌జీ ఆడుతూ నిద్రలేవలేదు. ఒకమ్మాయికి జ్వరం. తమ్ముడు, ముక్కులోంచి మెదడు తీస్తున్నాడు. నన్ను చూడనివ్వకుండా చివర్న ఇంకో వరస రాసింది.

ఆదివారం పొద్దున కారులో అది నా పక్క సీట్లోనే ఉంది, ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో పెంకు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూశాను. పైవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చివరి వరస ఒక్కటీ తెలుగులో. ఫోన్‌లో వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, గుడ్డలో 'డ' కి వత్తు పడలేదు.

నల్ల పెన్నుతో: నాన్న. తాతకి గుడ చుట్టే రోజు రాలేదు.

నెత్తిన ఎర్ర పెన్నుతో: పని.

వెనకాల కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. "తప్పుందా నాన్నా?" అని అడిగింది. వత్తు ఒకటి పడలేదని చెప్పాను. ఎర్ర పెన్ను తెచ్చుకోలేదే అంది. బడి గేటు దగ్గర దిగి, పెంకుని రెండు చేతుల్తో పట్టుకుని లోపలికెళ్ళింది.

ఇరవైకి పద్దెనిమిది వేశారు. పిరమిడ్ మూత ఊడిపోయినందుకు రెండు పోయాయి. ఆ కింది వరస ఏ లిపి అని టీచరుగారు అడిగారట, మా ఇంటి భాష అని చెప్పిందట. పెంకు ఇప్పుడు టీవీ పక్కన ఉంది. మొన్న మా ఆవిడ దుమ్ము తుడుస్తూ లోపల పెట్టెయ్యనా అని అడిగింది. వద్దు, అక్కడే ఉండనీ అన్నాను.